చర్చల సంపుటంలో దాచిన చిట్టీ

మీరు ఓటు వేసి పంపిన మనిషి శాసనసభలో ఏ బిల్లుకు చెయ్యెత్తాడో, ఏ బిల్లు దగ్గర చేతులు కట్టుకొని కూర్చున్నాడో మీరు ఎన్నడైనా చదివారా? ఆయన మీ ఇంట్లో పెండ్లికి వచ్చింది మీకు గుర్తుంటుంది. మీ తండ్రి పాడె పట్టింది గుర్తుంటుంది. హైదరాబాదులో ఏం మాట్లాడాడని అడిగితే మాత్రం నా ముఖం చూస్తారు.

నేను చదివాను. మా తాలూకా నుంచి మూడుసార్లు గెలిచిన మనిషి సభలో పలికిన ప్రతి మాటా చదివాను. పౌరుడి బాధ్యతగా చదివానంటే అబద్ధం. కడుపుమంటతో చదివాను. ఆ కడుపుమంట వల్ల మా పెద్దబిడ్డ ఎనిమిదో తరగతి ఒక ఏడాది ఆగిపోయింది. ఆ ఏడాది సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన అభిప్రాయాలను ఖండిస్తూ చాలా రాశాను. మళ్లీ రాయమన్నా రాస్తాను, ఒక్క అక్షరం మార్చను. కాని ఇది రాయకుండా అవి మాత్రమే రాస్తూ పోవడం దొంగతనం.

మా ఊరు హుస్నాబాద్ పోయే దారిలో ఒక చిన్న తాలూకా పట్నం. మేము చదువుకునే రోజుల్లో బడి అంతా ఉర్దూలోనే నడిచేది. లెక్కలు ఉర్దూలో, చరిత్ర ఉర్దూలో. తిట్లు తప్ప తెలుగులో ఏమీ దొరికేవి కావు. తెలుగులో నిలబడి పది మాటలు చెప్పడం మేము నేర్చుకున్నది బట్టల దుకాణం మీది గదిలో ఉన్న గ్రంథాలయంలో. అప్పుడు సెలవు శుక్రవారం. ఆ మధ్యాహ్నం అక్కడ చర్చ పెట్టేవారు. వితంతువుకు మళ్లీ పెండ్లి చేయవచ్చా, దయ్యాలు ఉన్నాయా, ముహూర్తం లేకుండా చేసిన పని చెడుతుందా, అంటరానితనం ఎట్లా పోతుంది – ఇవీ మా విషయాలు.

చర్చ నడిపేది ఒక ముసలి ఉపాధ్యాయుడు. అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన పెట్టిన నియమం ఒకటి ఉండేది. ఎదుటివాడు చెప్పిన వాదనను ముందు నీ నోటితో చెప్పాలి. వెక్కిరించకుండా, తగ్గించకుండా, వాడికంటే బాగా చెప్పాలి. వాడు తల ఊపి "ఇదే నా మాట" అనాలి. అప్పుడుగాని నీ జవాబు మొదలుపెట్టరాదు. తల ఊపకపోతే నువ్వు కూర్చోవాలి.

నాకు ఆ నియమం ముల్లులా గుచ్చుకునేది. నా దగ్గర జవాబులు మస్తుగా ఉండేవి. అవి నాలుక చివర మంటలా లేచి ఉండేవి. ఎదుటివాడి వాదన చెప్పమంటే నా నోటి నుంచి వెటకారమే వచ్చేది. వితంతు వివాహం వద్దన్నవాడి వాదనను "ఆడది చచ్చినా ఫరవాలేదని ఈయన అంటున్నాడు" అని చెప్పాను ఒకసారి. ఆ ఎదుటివాడు తల ఊపలేదు. పెద్దసారు వేలితో చాప చూపించాడు. కూర్చున్నాను.

ఆ రోజు తల ఊపనివాడే తర్వాత మా శాసనసభ్యుడయ్యాడు. పక్క ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలిపటేలు కొడుకు. నాకంటే ఏడాది పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. గొంతు ఎన్నడూ పెంచలేదు. తన వంతు వచ్చినప్పుడు నా వాదనను చెప్పేవాడు. ఎంత బాగా చెప్పేవాడంటే, నేను మరిచిపోయిన ఉదాహరణ కూడా తానే గుర్తుచేసుకొని చేర్చేవాడు. వింటూ వింటూ నేనే మెచ్చుకొని తల ఊపేవాణ్ని. అప్పుడు మెల్లగా, "తమ్మి చెప్పింది నిజమే, గని మా అవ్వకు ఇంకా భయం పోలే. భయం పోయినంక చేద్దాం" అని కూర్చునేవాడు. చప్పట్లు నాకు వచ్చేవి. మెట్లు దిగేటప్పుడు జనం నడిచేది ఆయన పక్కన.

పోలీసు చర్య తర్వాత, సెలవు ఆదివారానికి మారిన కొత్తలో, గ్రంథాలయం వాళ్లు మా ఇద్దరినీ జైనూర్ వైపు పంపారు. అడవి పల్లెల్లో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే బడి పెట్టాలని. పలకల మూట నా భుజాన, బలపాల డబ్బా ఆయన చేతిలో. మేము పోయిన వారమే అక్కడ జాతర. మేకలు కట్టేసి ఉన్నాయి. నేను బండరాయి ఎక్కి, ప్రాణం తీసి దేవతకు పెడితే దేవత తింటుందా, తింటే ఎముకలు ఎక్కడ అని అడిగాను. ఒక ముసలాయన తన మరాఠీ కలిసిన మాటలో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఏమన్నాడో నాకు ఎవరూ చెప్పలేదు. కిందికి దిగి చూస్తే మా అన్న వాళ్ల వరుసలో కూర్చొని జొన్న గటక తింటున్నాడు. ఏ మేక ఎవరిది, ఎవరి బిడ్డకు జ్వరం తగ్గిందని మొక్కుకున్నారు, అన్నీ తెలుసుకొని ఉన్నాడు. మరునాడు బడికి వచ్చినవాళ్లందరూ ఆయన పలక దగ్గర కూర్చున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాతో అన్నాడు. "తమ్మీ, ఇగ నేను ఎవ్వని దేవుని మీద చెయ్యి పెట్ట. అక్షరం నేర్పుదాం. మిగిలింది వాళ్లే చూసుకుంటరు."

ఆయన రాజకీయమంతా ఆ మాటలోనే ఉందని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం, వీడు పిరికివాడు అనుకున్నాను.

మొదటి ఎన్నికలు వచ్చాయి. పార్టీవాళ్లు మా పట్నానికి వచ్చి, చదువుకున్న యువకుడు కావాలి, ఎవరున్నారని అడిగారు. నేను ఇస్త్రీ అంగీ వేసుకొని గ్రంథాలయంలో కూర్చున్నాను. చర్చల్లో ఎవరికి చప్పట్లు వచ్చేవో ఊరందరికీ తెలుసు కదా. చప్పట్లే ఓట్లని నమ్మినవాణ్ని నేను. పార్టీవాళ్లు గ్రంథాలయానికి రాలేదు. అంగడికి పోయారు. కూరగాయలమ్మే ఆడవాళ్లను, బండి తోలేవాళ్లను అడిగారు. వాళ్లు చెప్పిన పేరు నాది కాదు.

ఆయన నా దగ్గరికే వచ్చాడు. ఇంటిముందు అరుగు మీద కూర్చొని, కరపత్రం రాసిపెట్టమన్నాడు. నేను రాశాను. ఎందుకు రాశానని మా ఇంటామె చాలాసార్లు అడిగింది. నాకంటే బాగా ఇంకెవడో రాస్తాడేమోనన్న భయంతో రాశాను. గెలిచిన రోజు ఆయనకు దండలు వేశారు. కరపత్రం రాసింది ఎవరని ఒక్కరూ అడగలేదు.

నేను బస్టాండు దగ్గర పుస్తకాల దుకాణం పెట్టుకున్నాను. పలకలు, నోటుబుక్కులు, తరగతి పుస్తకాలు, కాగజ్‌నగర్ నుంచి వచ్చే తెల్ల కాగితం. సాయంత్రాలు ఒక చిన్న మాసపత్రికకు వ్యాసాలు రాసేవాణ్ని. ఊళ్లవాళ్లు నా దగ్గర కాగితం కొని, దరఖాస్తు కూడా నన్నే రాసిపెట్టమనేవారు. బావి కావాలని, పట్టా కావాలని, పట్వారీ పరేషాన్ చేస్తున్నాడని. నేను రాసేవాణ్ని. వాళ్లు ఆ కాగితం పట్టుకొని ఆయన దగ్గరికి పోయేవారు. పని అయ్యాక టెంకాయ ఆయన గడప ముందు కొట్టేవారు. తిరిగి పోతూ నా దుకాణం ముందు నుంచే, నా వైపు చూడకుండా, నవ్వుకుంటూ పోయేవారు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆయన మళ్లీ గెలిచాడు. శాసనసభ చర్చల సంపుటాలు గ్రంథాలయానికి ఎప్పుడో ఆలస్యంగా కట్టలు కట్టలుగా వచ్చేవి. వాటి దారం విప్పేది నేనొక్కణ్నే. చదివి తిరిగిద్దామని ఇంటికి తెచ్చుకున్నవి కొన్ని మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఒక నోటుబుక్కులో రెండు గళ్లు గీసి, ఆయన దేనికి అవునన్నాడో, దేనికి కాదన్నాడో రాసుకున్నాను.

ఆయన అభిప్రాయాలు ఇవి. కౌలుదారుకు భూమి మీద హక్కు ఇవ్వాలని వచ్చినప్పుడు, ఇవ్వాలి గాని తొందరపడి ఇస్తే దొరలు ముందే ఖాళీ చేయిస్తారని అడ్డు చెప్పాడు. పటేలు, పట్వారీ పనులు తండ్రి నుంచి కొడుక్కు పోవద్దని ఒకరు అంటే, ఊరి గుట్టు తెలిసిన కుటుంబాన్ని తీసేసి తెలియనివాణ్ని పెడితే ఊరు పాడవుతుందన్నాడు. తన తండ్రి మాలిపటేలని చెప్పి మరీ అన్నాడు. జంతుబలుల మీద కఠినంగా ఉండాలని ఒక సభ్యుడు అడిగితే, లేచి జైనూర్ జాతర సంగతి చెప్పాడు. ఎదిగిన ఆడపిల్లలు మగపిల్లలతో ఒకే గదిలో కూర్చోవడం తగదు, వాళ్లకు వేరే ఉన్నత పాఠశాల కావాలి, అది వచ్చేదాకా ఆగాలి అన్నాడు.

ప్రతి ప్రసంగమూ పెద్దసారు నియమంతోనే మొదలయ్యేది. ముందు ఎదుటివారి వాదన. రెండు పేజీల దాకా ఆయన మార్పు కోరేవారి మాటే చెప్పేవాడు. ఒక మంత్రి లేచి, గౌరవ సభ్యులు మా వైపే ఉన్నందుకు సంతోషం అని కూడా అన్నాడు. ఆ తర్వాత "గని" వచ్చేది. సంపుటంలో అది "కాని" అని అచ్చయ్యేది.

ఒకరోజు ఆ మొదటి రెండు పేజీలు చదువుతుంటే నా చెయ్యి ఆగింది. అవి నా వాక్యాలు. మాసపత్రికలో నేను రాసిన వ్యాసంలోవి. పటేలు కొడుకు పటేలే కావాలంటే వైద్యుడి కొడుకు చదవకుండానే సూది పట్టుకోవచ్చా అని నేను రాసింది, సభలో ఆయన నోటి నుంచి, నా ఊసు లేకుండా, అలాగే పడింది. నా మాట చట్టసభ రికార్డుకు ఎక్కింది. ఎక్కింది కూడా ఎందుకు? ఓడించబడడానికి. నన్ను అక్కడ కూర్చోబెట్టి ఉంటే "కాని" దగ్గర ఆగేవాణ్ని కాదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ సంపుటం మూసి, తెరిచి, ఆయన పేరు మీద గోటితో గీరాను.

ఇక మా బిడ్డ.

ఏడో తరగతి మా పట్నంలో ఆడపిల్లల బడిలో ముగిసింది. ఎనిమిది కావాలంటే మగపిల్లల ఉన్నత పాఠశాల ఒక్కటే దిక్కు. హెడ్మాస్టరు మంచివాడు. బడి కమిటీ తీర్మానం చేస్తే రేపే చేర్చుకుంటానన్నాడు. కమిటీకి అధ్యక్షుడు మా శాసనసభ్యుడు. సభలో చెప్పిందే కమిటీలో చెప్పాడు. నేను దుకాణం ముందు నిలబడి ఆయన్ను ఎండగట్టాను, పత్రికలో ఎండగట్టాను. ఇంటికి వెళ్లి మాత్రం అడగలేదు. ఆయన అరుగు ముందు నేను చేతులు కట్టుకొని నిలబడడమా?

నేను నిలబడలేదు కనుక బిడ్డ పోయి నిలబడింది. ఎవరికీ చెప్పకుండా, ఒక పొద్దున, నా దుకాణంలోని తెల్ల కాగితం మీద తనే దరఖాస్తు రాసుకొని పోయింది. ఆయన్ను పెద్దబాపు అని పిలిచేది. నేను అన్నా అన్నాను కదా, వరుస అదే అవుతుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ఒంట్లో ఎక్కడో కలుక్కుమనేది.

తిరిగి వచ్చి ముఖం వెలిగిపోతూ చెప్పింది. ఆయన దరఖాస్తు మొత్తం చదివి, రాత బాగుందన్నాడట. ఆ తర్వాత అన్న మాటను పొల్లుపోకుండా అప్పజెప్పింది. "కమిటీల నేను ఒప్పుకోను బిడ్డా. గదే నా మాట. గని నీ సదువు ఆగొద్దు. జిల్లాల మిషనోళ్ల ఆడపిల్లల బడి ఉన్నది, హాస్టలున్నది. చిట్టీ రాసి మీ బాపుకు పంపుత. బాపు సంతకం పెట్టి నిన్ను తీస్కపోతే చాలు."

"సూసినవా?" అంది మా ఇంటామె నాతో. "నువ్వు గంత అరిస్తే కానిది, పోరి పోయి అడిగితే అయింది."

చిట్టీ వారంలోపు వచ్చింది. హైదరాబాదు బస్సు కండక్టరు దిగి దుకాణం మెట్టు మీద నా చేతికిచ్చాడు. నాలుగు వరుసలు. ఈ అమ్మాయి తెలివిగలది, చదువు మీద ప్రాణం పెట్టింది, చోటు ఇప్పించగలరు. చివర ఒక మాట: నాకు బిడ్డలాంటిది.

ఆ మాట దగ్గర నా చూపు నిలిచిపోయింది. కరపత్రం రాసింది నేను. దరఖాస్తులు రాసింది నేను. సభలో ఆయన చదివిన వాక్యాలు నావి. ఇప్పుడు బిడ్డ కూడానా? రేపు అది చదివి పెద్దదై, ఎవరి దయ వల్ల చదివావంటే ఎవరి పేరు చెప్తుంది?

ఇది జరిగిన క్షణంలోనే నా బుర్ర నాకు ఒక సిద్ధాంతం కూడా సమకూర్చి ఇచ్చింది. సిఫారసు అన్నది సమానత్వానికి శత్రువు. పెద్దమనిషి చిట్టీ ఉన్న పిల్లకు చోటు, లేని పిల్లకు గోడ. ఇట్లాంటి చదువు నా బిడ్డకు వద్దు. సిద్ధాంతం తప్పు కాదు. ఇప్పటికీ నమ్ముతాను. కాని ఆ పూట అది నా అసూయకు తొడిగిన అంగీ. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు. తెలిసే, చిట్టీ మడిచి, ఇంట్లో ఉన్న చర్చల సంపుటంలో, ఆడపిల్లల బడి మీద ఆయన మాట్లాడిన పేజీలోనే పెట్టాను.

సాయంత్రం బిడ్డ అడిగింది. "పెద్దబాపు చిట్టీ పంపిండా బాపు?"

"రాలే" అన్నాను.

రుజువు లేనిదే దేవుణ్ని కూడా నమ్మనని పత్రికలో రాసేవాణ్ని. ఇంట్లో, రుజువు పుస్తకంలో పెట్టుకొని, కన్నబిడ్డకు ఆ ఒక్క మాట చెప్పాను. నాలుగు రోజులాగి మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. బడులు తెరిచే ముందు మూడోసారి అడిగింది. చాలా నెమ్మదిగా, నా ముఖంలోకి చూస్తూ. మూడోసారీ అదే.

ఆ ఏడాది అది దుకాణంలో నాకు సాయంగా కూర్చుంది. ఎనిమిదో తరగతి పుస్తకాలు కొన్నవాళ్లు అట్టలు వేసి ఇమ్మనేవారు. బిడ్డ వేసేది. అట్ట వేసేముందు పుస్తకం తెరిచి, నిలబడే నాలుగు పేజీలు చదివేది. కొన్నవాళ్లు తొందరపెడితే మూసి, అంచులు మడిచి ఇచ్చేది. నేను లెక్క చూసుకుంటున్నట్టు తల వంచుకొని ఉండేవాణ్ని. ఒకటి అట్ట వేయడానికి దానికి ఎంతసేపు పడుతుందో, అందులో చదవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు.

ఆ నెలల్లోనే నేను నా జీవితంలో అందరూ మెచ్చిన వ్యాసం రాశాను. ఆడపిల్ల చదువుకు శాసనసభ్యుడే అడ్డమని. మా తాలూకాలో తెలివైన అమ్మాయి ఒకతె అట్టలు వేసుకుంటూ నిలబడి చదువుతోంది, ఈ పాపం ఎవరిదని అడిగాను. ఉత్తరాలు వచ్చాయి. కన్నీళ్లు వచ్చాయని రాశారు. పాపం ఎవరిదో ఆ ఉత్తరాలు రాసినవాళ్లకు తెలియదు.

మూడో ఎన్నికల్లో ఆయన మళ్లీ గెలిచాడు. ఊరేగింపు బస్టాండు దగ్గరికి వచ్చినప్పుడు జీపు నా దుకాణం ముందు ఆగింది. జనానికి నన్ను వేలెత్తి చూపించడానికి ఆపాడనుకున్నాను. ఆయన చూసింది నా పక్కన నిలబడిన బిడ్డను. దండలు తీసి సీటు మీద పెట్టి దిగాడు.

"ఏం బిడ్డా, సెలవులా? హాస్టల్ల బువ్వ మంచిగుంటుందా?"

బిడ్డ నా వైపు చూడలేదు. "నేను పోలే పెద్దబాపు. నీ చిట్టీ రాలే."

ఆయన నన్ను చూశాడు. కండక్టరు నా చేతికే ఇచ్చానని ఆయనకు చెప్పే ఉంటాడు. ఊరంతా చూస్తోంది. ఇన్నేళ్లు ఆయన మీద నేను విసిరిన ప్రతి మాటకూ ఇప్పుడు జవాబు ఆయన చేతిలో ఉంది. ఒక్క వాక్యం చాలు.

"గీ బస్సులు గట్లనే ఉన్నయి బిడ్డా" అన్నాడు. "ఎన్ని చిట్టీలు పోతయో. ఫికర్ చెయ్యకు." జీపు ఎక్కాడు. జనం జేజేలు కొడుతూ కదిలారు.

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని. ఎప్పటిలా అక్కడ కూడా ఆయనే పెద్దవాడయ్యాడు. ఆ మంట ఇంకో తీరు మంట.

ఇంటికి పోయాక బిడ్డను పిలిచి, చిట్టీ రాలేదని ఆయనతో ఎందుకన్నావని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. అది తెలిసి అన్నదా, తెలియక అన్నదా అని తేల్చుకోవాలని కావచ్చు.

"కండక్టరు నీ చేతికిచ్చినప్పుడు నేను దుకాణం ఎనక కిటికీకాడ ఉన్న బాపు" అంది. "మూడుసార్లు అడిగిన గద. నువ్వు రాలే అన్నవు. పదిమందిల నేను వేరే చెప్తే నీ మాట పోతది."

బిడ్డ లోపలికి పోయి వాళ్ల తల్లికి రొట్టెల దగ్గర సాయం చేసింది.

మరునాడు పొద్దున్నే సంపుటంలోంచి చిట్టీ తీసి ఆయన ఇంటికి నడిచాను. అరుగు మీద అప్పటికే జనం ఉన్నారు. వాళ్ల చేతుల్లో నా రాతతో ఉన్న కాగితాలు. వాళ్ల వెనక నా వంతు కోసం కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు చిట్టీ ఆయన ముందు పెట్టి, పోయినేడాది నాకు అందింది, నేనే దాచాను అని అందరూ వినేలా చెప్పాను. అంతవరకే నాకు చేతనైంది. ఎందుకు దాచానో చెప్పడానికి నాలుక తిరగలేదు.

ఆయన చిట్టీ విప్పి చూసుకున్నాడు. మోకాలి మీద పెట్టుకొని అన్నాడు. "తారీఖు మార్చిస్త తమ్మీ. ముందు నా మాట నువ్వు చెప్పు."

అర్థం కాలేదు.

"పెద్దసారు కాడ ఒక్కనాడన్న నా మాట చెప్పినవా నువ్వు? ఇప్పుడు చెప్పు. నేను తల ఊపాలె."

అరుగు మీద ముసలమ్మలు, బండ్లు తోలేవాళ్లు, ఒక పట్వారీ నా నోటి వంక చూస్తున్నారు. చెప్పాను. నువ్వంటున్నదేమంటే, చట్టం ఊరికంటే ముందు నడిస్తే ఊరు దాని వెనక రాదు, ముఖం తిప్పుకుంటుంది. మగపిల్లల బడిలో ఆడపిల్లలను కూర్చోబెడితే కన్నతల్లులు భయపడతారు. భయపడితే ఏడో తరగతి కూడా మాన్పిస్తారు. ఇప్పుడున్నది కూడా పోతుంది. తల్లి తానే బిడ్డ చెయ్యి పట్టుకొని తెచ్చేలా వేరే బడి కట్టాలి. అది కట్టేదాకా, ఆగలేని పిల్ల ఎవరైనా ఉంటే, ఆ ఒక్క పిల్లకు నీ చెయ్యి అడ్డం పెట్టవు, సాయం పెడతావు. చెప్తూ చెప్తూ ఉంటే నా గొంతులో వెటకారం లేదని నేనే గమనించాను. ఆయన తన అవ్వ భయం గురించి గ్రంథాలయం చర్చల్లో అన్న మాట కూడా చేర్చాను.

ఆయన తల ఊపాడు. "గిదే నా మాట."

పెన్ను తీసి తారీఖు కొట్టేసి కొత్తది వేశాడు. "ఇగ నీ జవాబు చెప్పు" అన్నాడు.

చెప్పాను. తల్లుల భయమని ఇన్నేళ్లు సభలో చెప్పావు, ఏ తల్లిని అడిగావు? మా ఇంటామె భయపడలేదు. నీ చిట్టీ నా బిడ్డకు దొరికింది, ఎందుకంటే దానికి నువ్వు పెద్దబాపువు. నీ అరుగు దాకా రాలేని పిల్లకు ఎవరు రాస్తారు? ఆ చిట్టీ చేతుల్లో పడ్డ తండ్రి నాలాంటివాడైతే ఆ పిల్ల గతేమిటి? తీర్మానం చేసి ఉంటే దాన్ని నేను పుస్తకంలో దాచగలిగేవాణ్నా?

ఆయన చిట్టీ మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత నవ్వాడు. "జవాబు మంచిగున్నది తమ్మీ. సభల గిది కూడ చెప్త. నేను మాత్రం చెయ్యెత్తను."

నిజంగానే చెప్పాడు. సంపుటంలో ఉంది, చూసుకోవచ్చు. చెయ్యెత్తలేదు.

బిడ్డను నేనే మిషన్ బడికి తీసుకుపోయాను. తనకంటే చిన్నపిల్లల వరుసలో కూర్చుంది. హాస్టలు నుంచి వచ్చిన మొదటి కార్డు నాకే రాసింది. రెండోది ఆయనకు. ఆయనకు రాసినది నాదానికంటే పొడుగ్గా ఉందని ఆయన అరుగు మీదివాళ్లు చెప్పారు. నేను పోయి చదవలేదు. చదవాలని మాత్రం ఉండింది. ఇప్పుడు ఉపాధ్యాయ శిక్షణ ముగిస్తోంది. పోయిన ఎన్నికల్లో ఆయన నిలబడలేదు. అయినా అరుగు మీద జనం తగ్గలేదు. నా దుకాణం ముందు నుంచే పోతారు. చూస్తే ఇప్పటికీ కలుక్కుమంటుంది. మంచివాడు. ఆయన మంచితనం ఎక్కడ ఆగిపోతుందో మా తాలూకాలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటాను. ఆయన తల ఊపేలా ఆ మాట చెప్పగలనని కూడా అనుకుంటాను.

మా పట్నంలో ఆడపిల్లల ఉన్నత పాఠశాల ఇంకా రాలేదు. కమిటీ తీర్మానం ఇంకా కాలేదు. అట్టలు వేసుకుంటూ నిలబడి చదివే పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్లకు పెద్దబాపులు లేరు.

కనుక మీరు రేపు పొద్దున మీ ఊరి బడికి పొండి. పోయినేడాది ఏడో తరగతి హాజరు పట్టీ తీయించి ఆడపిల్లల పేర్లు రాసుకోండి. ఈ ఏడాది ఎనిమిదిలో లేని ప్రతి పేరు ఇంటికీ నడవండి. తండ్రిని కాదు, తల్లిని అడగండి. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకొని, ఆ కాగితం పట్టుకొని మీ శాసనసభ్యుడి అరుగు ఎక్కండి. చిట్టీ రాసిస్తానంటే తీసుకొని ఆ పిల్లకివ్వండి, అక్కడి నుంచి మాత్రం లేవకండి. తీర్మానం మీద సంతకం పడ్డాకే లేవండి.